ఒక ఫైలులో పెక్కు స్క్రిప్టులు

బ్రౌజరులో ఒక పుట తెరచినవానికి కంటికి కనబడునది ఆ పుట మాత్రమే. రైలు టిక్కెట్టు కొనుటకో, పరీక్షా ఫలితము చూచుటకో, కరెంటు బిల్లు కట్టుటకో అతడు దానిని తెరచును, మీట నొక్కును, పని జరుగును. ఆ మీట వెనుక జావాస్క్రిప్టు అను భాషలో వ్రాయబడిన ఆదేశములు పనిచేయుచుండును. అట్టి ఆదేశముల వ్రాతకు స్క్రిప్టు అని పేరు. వ్రాసిన తేదీ సరియైనదా కాదా అని చూచుటకు ఒక స్క్రిప్టు, పట్టికను గీయుటకు వేరొకటి, సర్వరుతో ఉత్తర ప్రత్యుత్తరములు జరుపుటకు మరియొకటి, ఈ రీతిగా సామాన్యమైన పుటకే ముప్పది నలువది స్క్రిప్టులు అవసరము కావచ్చును. వ్రాయువారు వీనిని విడివిడి ఫైలులుగానే వ్రాయుదురు. బ్రౌజరునకు చేరునాటికి మాత్రము అవి యన్నియు ఒకే ఫైలుగా, పెక్కుసారులు ఒకే పంక్తిగా, కూర్చబడి యుండును.

అన్నియు సవ్యముగా నున్నంతవరకు ఈ కూర్పు సంగతి ఎవరికిని పట్టదు. ఒకనాడు మీట పనిచేయదు. బ్రౌజరు తన తప్పుల పట్టికలో "1వ పంక్తి, 18,452వ అక్షరస్థానము" అని వ్రాసి ఊరకుండును. ఒకటవ పంక్తి యనగా ఫైలంతయు నదియే. 18,452వ అక్షరము ముప్పది స్క్రిప్టులలో దేనికి చెందినది? ఆ స్క్రిప్టులో ఎన్నవ పంక్తి? ఫీజు కట్టుటకు గడువు ఆ సాయంకాలముతో ముగియునట్టిదైనచో, ఈ ప్రశ్నకు జవాబు ఎంత త్వరగా దొరకునన్నది చిన్న విషయము కాదు.

కాగితపు టేపుల కాలము

విడివిడిగా వ్రాసిన ఆదేశములను ఒక్కచోట చేర్చుట, చేర్చిన పిదప తప్పులు వెదకుట, ఈ రెండు పనులును ఎలెక్ట్రానిక్ గణకయంత్రముతో పాటే పుట్టినవి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో మారిస్ విల్క్స్ నాయకత్వమున నిర్మింపబడిన ఎడ్సాక్ యంత్రము 1949 మే 6వ తేదీన మొదటిసారి ప్రోగ్రాము నడపినది. దానికి ఆదేశములను కాగితపు టేపు మీద రంధ్రములుగా అందించెడివారు. వర్గమూలము కట్టుట, అంకెలు అచ్చువేయుట వంటి తరచు వచ్చు పనులకు ఒక్కొక్క చిన్న టేపు తయారుచేసి భద్రపరచిరి. ఇవియే సబ్‌రొటీనులు. కొత్త ప్రోగ్రాము కావలసినవాడు వీనిలో తనకు వలసిన టేపులను ఎంచుకొని, తన టేపు మీదికి వరుసగా నకలు చేయించుకొనెడివాడు. అనగా పెక్కు వ్రాతలు ఒకే టేపు అయ్యెడివి.

ఇచ్చట ఒక చిక్కు వచ్చినది. సబ్‌రొటీనులోని ఆదేశములు "ఫలానా సంఖ్యగల గడిలోని ఆదేశమునకు పొమ్ము" అని చెప్పుచుండును. ఆ సబ్‌రొటీను యంత్రపు స్మృతిలో ఒకసారి 60వ గడి నుండియు, వేరొక ప్రోగ్రాములో 200వ గడి నుండియు నిలువవచ్చును. అప్పుడు లోపలి సంఖ్యలన్నియు తప్పిపోవును. డేవిడ్ వీలర్ అను యువకుడు దీనికి సొగసైన ఉపాయము కనిపెట్టెను. ప్రతి సబ్‌రొటీనును సున్న నుండి మొదలైనట్లే వ్రాయవలెను. టేపు చదువునపుడే యంత్రము అది నిలిచిన మొదటి గడి సంఖ్యను లోపలి సంఖ్యలకు కలుపుకొనవలెను. ఈ పని చేయుటకు వీలర్ వ్రాసిన ఆదేశములు మొత్తము 41 మాత్రమే. నేటి బండ్లరులకు పూర్వీకుడు ఈ 41 ఆదేశముల వ్రాతయే అని చెప్పవచ్చును.

తప్పులు మాత్రము తగ్గలేదు. విల్క్స్ ఆ తొలినాళ్లలో వ్రాసిన ఒక ప్రోగ్రాము టేపు చాల కాలము తరువాత దొరకగా, దాని 126 పంక్తులలో ఇంచుమించు ఇరువది తప్పులు కనబడినవి. తన శేషజీవితములో మంచి భాగము తన ప్రోగ్రాములలోని తప్పులు వెదకుటకే ఖర్చుకానున్నదని ఆనాడే తనకు స్ఫురించినట్లు విల్క్స్ తన స్మృతులలో వ్రాసికొనెను. 1951లో స్టాన్లీ గిల్ ఈ వెదకులాటకే ఒక పద్ధతిని వివరించుచు పరిశోధనా పత్రము ప్రకటించెను. ప్రోగ్రాము నడచుచుండగా ఏ ఆదేశము తరువాత ఏ ఆదేశము జరుగుచున్నదో అచ్చువేయుచు పోవు సబ్‌రొటీను ఆయన రచన. నేడు ఆ పనిని డీబగ్గరు అను పరికరము చేయుచున్నది; తప్పులు వెదకి దిద్దుటకు డీబగ్గింగు అని పేరు స్థిరపడినది.

ఒకటిగా చేర్చుట ఎందులకు?

జావాస్క్రిప్టును 1995లో నెట్‌స్కేపు కంపెనీలో బ్రెండన్ ఐక్ పది దినములలో రూపొందించెను. ఒక పుటలో పది ఇరువది పంక్తుల చిన్న స్క్రిప్టు ఉండిన చాలునని ఆనాటి ఊహ. అందుచేత ఒక ఫైలు ఇంకొక ఫైలును పిలుచుకొను ఏర్పాటు ఆ భాషలో పెట్టలేదు. ఆ లోటు తీరుటకు 2015 దాక పట్టినది. ఈలోపల స్క్రిప్టులు వందల పంక్తులకు, వేల పంక్తులకు పెరిగినవి.

ప్రతి ఫైలునకు బ్రౌజరు సర్వరును వేరుగా అడుగవలెను. అడిగిన మాట పోయి, జవాబు మరలి వచ్చుటకు పట్టు కాలము ఫైలు చిన్నదైనను తగ్గదు. బజారుకు పోయి ఉప్పు తెచ్చినను, బియ్యము తెచ్చినను నడక ఒక్కటే గదా. 1999 నాటి నియమము ప్రకారము బ్రౌజరు ఒక సర్వరుతో ఒకేసారి రెండు కనెక్షనులకు మించి పెట్టుకొనరాదు. ముప్పది ఫైలులున్నవనుకొందము. ఒక రాకపోకకు సెకనులో అయిదవ వంతు పట్టినచో, రెండేసి చొప్పున పదునైదు మారులు, అనగా మూడు సెకనులు ఊరక నడకకే పోవును. ఫైలులు దిగుటకు పట్టు కాలము దీనికి అదనము. మంచి లైనున్న నగరములో ఇది తెలియకపోవచ్చును. సెల్‌ఫోను సంకేతము బలహీనముగా నున్న పల్లెలో ఒక రాకపోకకే సెకను పట్టినచో పదునైదు సెకనులు తెల్లని తెరను చూచుచు కూర్చుండవలెను. తరువాతి బ్రౌజరులు కనెక్షనులను ఆరింటికి పెంచినవి. అయినను, అడుగుటలు తగ్గించుటయే పుటను వేగిరపరచుటకు మొదటి సూత్రమని స్టీవ్ సౌడర్స్ 2007లో వెలువరించిన గ్రంథము చాటినది. ముప్పది ఫైలులను వరుసగా అంటించి ఒక ఫైలుగా పంపుట అందరికిని అలవాటయ్యెను.

అతుకుల వద్ద సంధి

అంటించుట యనిన తేలికగా తోచును. ఒక ఫైలు చివర వేరొక ఫైలు మొదలు పెట్టినచో అయిపోయినదనుకొందురు. తెలుగు చదివినవారికి ఇందలి అపాయము వెంటనే బోధపడవలెను. "పాల" అనునది ఒక మాట, "ఏరు" అనునది ఒక మాట. రెండును ప్రక్కప్రక్కన చేరినచో "పాలేరు" అగును. వినువాడు పాల ప్రవాహమును గాక పొలములో పనిచేయు జీతగానిని తలచుకొనును. విడిగా నున్నపుడు ఏ మాటలోను లేని అర్థము అతుకు వద్ద పుట్టినది. స్క్రిప్టుల అతుకులలోను ఇట్లే జరుగును.

అన్నిటికంటె అమాయకముగా కనబడు తప్పు ఇది. జావాస్క్రిప్టులో రెండు ఏటవాలు గీతల తరువాత ఆ పంక్తి చివరి వరకు ఉన్నది వ్యాఖ్య. యంత్రము దానిని చదువదు. మొదటి ఫైలు చివరి పంక్తి ఇట్టి వ్యాఖ్యయై, దాని తరువాత కొత్త పంక్తి గుర్తు లేకపోయినచో, రెండవ ఫైలు మొదటి పంక్తి వచ్చి ఆ వ్యాఖ్యకే అతుకుకొనును. ఆ పంక్తిని యంత్రము చదువనే చదువదు. రెండు ఫైలులును విడిగా పరీక్షించినపుడు నిర్దోషములు.

రెండవది సెమికోలను. జావాస్క్రిప్టులో వాక్యము చివర సెమికోలను పెట్టవలెను. మరచినచో యంత్రమే దానిని ఊహించుకొనును. ఇది దయగా చేసిన ఏర్పాటే గాని, ఆ ఊహకు ఒక హద్దు కలదు. తరువాతి పంక్తి మొదటి గుర్తు ఈ వాక్యములో వ్యాకరణరీత్యా ఇముడనపుడు మాత్రమే యంత్రము సెమికోలనును ఊహించును. ఇమిడినచో కలిపి చదువుకొనును. మొదటి ఫైలు ఒక చలరాశికి ఒక ఫంక్షనును ఇచ్చి, సెమికోలను లేకుండ ముగిసినదనుకొందము. రెండవ ఫైలు కుండలీకరణముతో, అనగా "(" గుర్తుతో, మొదలైనది. ఫంక్షను ప్రక్కన కుండలీకరణము వచ్చినచో "ఈ ఫంక్షనును ఇప్పుడే నడుపుము" అని అర్థము. కనుక ఎప్పుడో మీట నొక్కినపుడు నడువవలసిన మొదటి ఫైలు ఫంక్షను పుట తెరచిన వెంటనే నడచును. రెండవ ఫైలు అంతయు దానికి అందించిన సరకుగా మారిపోవును. ఆ పిమ్మట "ఇది ఫంక్షను కాదు" అను మాటతో అంతయు ఆగిపోవును. అనుభవజ్ఞులు తమ ఫైలు మొదటనే ఒక సెమికోలను పెట్టెడివారు. ముందు ఫైలు వానిని నమ్మక తమ తలుపునకు తామే గడియ వేసికొనుట వంటిదిది. చూచుటకు వింతగా నున్నను వివేకమైన పని.

పేర్ల విషయమున తప్పు ఇంకను లోతైనది. రెండు ఫైలులలోను "చూపు" అను పేరుగల ఫంక్షను ఉన్నదనుకొందము. విడి ఫైలులైనచో మొదటి ఫైలు తన "చూపు"ను నడుపుకొనును. తరువాత రెండవ ఫైలు వచ్చి ఆ పేరును మార్చుకొని తన దానిని నడుపుకొనును. ఒకటిగా అంటించినపుడు యంత్రము ఒక్క ఆదేశమైనను నడుపకముందే ఫైలులోని ఫంక్షను ప్రకటనలన్నిటిని ఏరి పెట్టుకొనును. ఒకే పేరు రెండుసారులు వచ్చినచో చివరిది నిలుచును. కనుక మొదటి ఫైలు కూడ రెండవ ఫైలులోని "చూపు"నే పిలుచును. తప్పు అని యంత్రము చెప్పదు. పుట నడచుచునే యుండును, తప్పు లెక్కలు చూపుచు. తప్పులలో నోరులేని తప్పే ప్రమాదకరము.

2009లో భాషకు కఠిననియమము అను కొత్త రీతి చేర్చబడినది. ఫైలు తలపై ఒక చిన్న వాక్యము వ్రాసినచో ఆ ఫైలునంతను యంత్రము గట్టిగా పరీక్షించును. ప్రకటింపని చలరాశికి విలువ నిచ్చిన ఒప్పుకొనదు. మొదటి ఫైలులో ఆ వాక్యమున్నచో, అంటించిన పిదప అది ముప్పది ఫైలులకును తలమీద వాక్యమగును. పదేండ్లుగా సడలింపుగా బ్రతుకుచున్న పాత ఫైలులు ఒక్కసారిగా విరుగును. ఆ వాక్యము రెండవ ఫైలులో నున్నచో దానికి విరుద్ధముగా జరుగును. అది ఇక తలపై లేదు గనుక దాని కేమియు విలువ లేదు.

ఇంతకంటె గమనింపదగిన సంగతి ఇంకొకటి కలదు. విడి ఫైలులలో ఒకదానిలో వ్యాకరణ దోషమున్నచో ఆ ఒక్క ఫైలే పాడగును, తక్కినవి నడచును. ఒకే ఫైలుగా చేర్చినపుడు ఎక్కడో ఒక కుండలీకరణము తప్పిపోయినచో ఫైలు మొత్తము చదువబడదు. అలంకారమునకు పెట్టిన కదిలెడి బొమ్మ స్క్రిప్టులో దోషముండి, ఫీజు కట్టు మీట చచ్చిపోవుట ఇట్టిదే. వేగమునకు చెల్లించు మూల్యమిది.

ఒక్కొక్కదానికి ఒక్కొక్క గది

ఈ అతుకుల బాధకు మందు ప్రతి స్క్రిప్టును ఒక ఫంక్షను లోపల ఉంచుట. ఫంక్షను లోపల ప్రకటించిన పేర్లు బయటికి కనబడవు. లోపలి కఠిననియమము లోపలనే యుండును. ఒకే ఇంటిలో నలుగురు అన్నదమ్ములు వేరు వంటలు పెట్టుకొన్నట్లు, ఫైలు ఒక్కటేయైనను గదులు వేరు. 2011లో వచ్చిన బ్రౌజరిఫై, 2012లో వచ్చిన వెబ్‌ప్యాకు మొదలైన బండ్లరులు ఈ పనినే యంత్రవిధిగా చేయును. ఏ స్క్రిప్టు దేనిని పిలుచునో చదివి, ఆ పిలుపుల వెంట పోయి, కావలసిన వానినన్నిటిని ఏరి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఫంక్షను తొడిగి, సంఖ్యలు వేసి పట్టికగా కూర్చును. "17వ దానిని తెమ్ము" అని ఒక స్క్రిప్టు అడిగినచో, పట్టికలోని 17వ ఫంక్షను మొదటిసారి నడుపబడి దాని ఫలితము భద్రపరుపబడును. మరల అడిగినచో భద్రపరచిన ఫలితమే ఇయ్యబడును. గదుల వలన పేర్ల తగవు తీరినది గాని, వ్యాకరణ దోషముతో మొత్తము ఆగిపోవుట తీరలేదు. దానిని బండ్లరే కూర్పు సమయమున పట్టుకొని "కూర్చను" అని మొరాయించుట ఉత్తమము. నేటి బండ్లరులు అట్లే చేయును.

కూర్చిన దానిని కుదించుట తరువాతి మెట్టు. యంత్రమునకు ఖాళీలు, కొత్త పంక్తులు, వ్యాఖ్యలు అక్కరలేదు. "మొత్తము_వడ్డీ" అను పేరైనను, "ఎ" అను పేరైనను దానికొక్కటే. వీనినన్నిటిని తొలగించి, పేర్లను ఒంటి అక్షరములుగా మార్చినచో ఫైలు ఎంతో తగ్గును. జేక్వెరీ అను ప్రసిద్ధ స్క్రిప్టు 3.7.1వ కూర్పు మామూలుగా ఇంచుమించు 285 కిలోబైట్లు; కుదించినది 90 కిలోబైట్ల లోపు. పూర్వము తాటాకుల మీద మాటకు మాటకు ఎడము విడువక వ్రాసెడివారు. ఆకు కలిసివచ్చెడిది, పదవిభాగము చదువరి పని అయ్యెడిది. కుదించిన స్క్రిప్టు అట్టి తాటాకే, పైగా అందలి పేర్లు కూడ చెరిపివేయబడిన తాటాకు.

కుదించుట వలన దాగియున్న తప్పు బయటపడిన సంఘటన ఒకటి 2012 ఏప్రిల్‌లో జరిగినది. బూట్‌స్ట్రాపు అను విశేష ప్రచారముగల స్క్రిప్టుల కూర్పులో సెమికోలనులు పెట్టకుండుట అలవాటు. ఒకచోట ఫంక్షను పిలుపు తరువాత కొత్త పంక్తి ఆశ్చర్యార్థకముతో, అనగా "!" గుర్తుతో, మొదలైనది. ఆ గుర్తు అక్కడ వ్యాకరణములో ఇముడదు గనుక బ్రౌజరు సెమికోలనును ఊహించుకొని సరిగానే నడపినది. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ వ్రాసిన జేఎస్‌మిన్ అను కుదింపు పరికరము కొత్త పంక్తిని తీసివేసినది. ఊహకు ఆధారము పోయి ఫైలు విరిగినది. స్క్రిప్టుదే తప్పని క్రాక్‌ఫర్డ్, పరికరముదే తప్పని ఇతరులు బహిరంగముగా వాదించుకొనిరి. ఆ ఒక్క తావు కొరకు తన పరికరమును మార్చనని ఆయన ఖండితముగా చెప్పెను. భాషా నియమము ప్రకారము స్క్రిప్టు నిర్దోషము. కాని ఇతరుల పరికరముల గుండ పోవలసిన వ్రాతలో ఒక గుర్తు మిగుల్చుకొనుటలో లాభమెంతో విచారించినచో, క్రాక్‌ఫర్డ్ పక్షముననే కొంత న్యాయము కనబడును.

తప్పును వెనుకకు నడపించుట

కుదింపు లేని కూర్పులో వెదకులాట కూడికలు తీసివేతలతో సరిపోవును. మొదటి ఫైలు 40 పంక్తులు, రెండవది 65, మూడవది 30 అయి, తప్పు 83వ పంక్తి వద్ద చూపబడినచో, 83లో 40 తీసివేయగా రెండవ ఫైలు 43వ పంక్తి అని తేలును. ప్రతి ఫైలు తలపై దాని పేరు వ్యాఖ్యగా వ్రాయించినచో ఈ లెక్కయు అక్కరలేదు.

తప్పు ఏ పంక్తిలోనో తెలియక, ఫలితము మాత్రము చెడుచున్నపుడు సగముల పద్ధతి పనికివచ్చును. 32 స్క్రిప్టులలో 16ను తొలగించి చూడవలెను. తప్పు పోయినచో అది తొలగించిన సగములో నున్నది. పోనిచో మిగిలిన సగములో. ఇట్లు 16, 8, 4, 2, 1 అని అయిదు పరీక్షలలో దోషి తేలును. ఒక స్క్రిప్టు వేరొకదానిపై ఆధారపడినచో రెండింటిని విడదీయరాదు గనుక పరీక్షలు కొంచెము పెరుగును. రెండు స్క్రిప్టులు కలిసినపుడే పుట్టు తప్పునకు ఈ పద్ధతి తడబడును. అట్టిచో అతుకులనే ముందు చూడవలెను.

కుదించి ఒకే పంక్తి చేసిన ఫైలులో ఈ ఉపాయములేవియు చాలవు. దీనికై ఏర్పడినది సోర్సుమ్యాపు, అనగా మూలపటము. గూగుల్ సంస్థ 2009లో బయటపెట్టిన క్లోజరు కంపైలరుతో దీని తొలిరూపము వచ్చినది. 2011లో గూగుల్, మొజిల్లా సంస్థలవారు కలిసి మూడవ రూపమును నిర్ణయించిరి. నేటికిని వాడుకలో నున్నది అదియే. 2024 డిసెంబరులో ఎక్మా సంస్థ దానిని 426వ సంఖ్యగల ప్రమాణముగా ప్రకటించినది.

పటములో మూలఫైలుల పేర్ల పట్టిక, తొలగింపబడిన పాత పేర్ల పట్టిక, ఆ రెండింటిని కూర్చిన ఫైలుతో ముడిపెట్టు గుర్తుల వరుస ఉండును. ఒక్కొక్క ముడిలో సాధారణముగా నాలుగు సంఖ్యలు: కూర్చిన ఫైలులో అక్షరస్థానము, ఎన్నవ మూలఫైలు, అందులో ఎన్నవ పంక్తి, ఆ పంక్తిలో ఎన్నవ అక్షరము. పేరు మార్చబడిన చోట పాత పేరు సంఖ్య అయిదవదిగా చేరును. వేలకొలది ముడులను పూర్తి సంఖ్యలతో వ్రాసినచో పటము ఫైలుకంటె ఎన్నో రెట్లు బరువగును. కనుక ముందరి ముడికిని దీనికిని గల భేదమును మాత్రమే వ్రాయుదురు. ముప్పదవ మైలురాయి వద్ద నున్నవాడు "ఇంకొక మైలు" అని చెప్పినట్లు.

ఆ భేదములను సంఖ్యలుగా గాక 64 గుర్తులతో వ్రాయుట మరియొక పొదుపు. ఇంగ్లీషు పెద్దబడి అక్షరములు 26, చిన్నబడి అక్షరములు 26, అంకెలు 10, కూడిక గుర్తు, ఏటవాలు గీత, వెరసి 64. ఒక గుర్తు ఆరు బిట్లను మోయును. అందొకటి "ఇంకను కలదు" అని తెలుపుటకు, మొదటి గుర్తులో వేరొకటి ధన ఋణ భేదమునకు. కాబట్టి ఋణ 15 మొదలు ధన 15 వరకు గల భేదములు ఒకే గుర్తులో ఇముడును. ఇంతకు మించినచో రెండవ గుర్తు కావలెను. ఉదాహరణమునకు 16ను చూడుడు. ధన ఋణ బిట్టు చేరగా అది 32 అగును. అడుగు అయిదు బిట్లు సున్నలు, వానికి "ఇంకను కలదు" బిట్టు చేరగా 32వ గుర్తు, అనగా చిన్నబడి "జి". మిగిలినది 1, అనగా పెద్దబడి "బి". దాని తరువాత పెద్దబడిలో "ఎ, సి, ఇ" అని యున్నచో, ముడి మొత్తము ఇట్లు చదువబడును: పదునారు అక్షరములు ముందుకు, అదే మూలఫైలు, ఒక పంక్తి క్రిందికి, రెండు అక్షరములు కుడికి. అయిదు గుర్తులలో ఇంత సమాచారము.

డీబగ్గరు ఈ వరుసను మొదటి నుండి కూడుకొనుచు పోయి, 18,452వ అక్షరమునకు లేదా దానికి ముందు సమీపముగా నున్న ముడిని పట్టుకొనును. వెంటనే తెరపై కుదించిన తాటాకునకు మారు, వ్రాసినవాని అసలు స్క్రిప్టు, వ్యాఖ్యలతో సహా, తప్పు పంక్తి వద్ద తెరచుకొనును. ఆ పంక్తి వద్ద ఆగుమని చెప్పినచో డీబగ్గరు పటమును ఎదురుదిశలో చదివి, కూర్చిన ఫైలులో సరియైన చోట ఆగును.

పటము తప్పినచో

పటము తప్పుదారి పట్టించిన సందర్భములు తక్కువ కావు. పటము తయారైన పిమ్మట ఎవరో ఫైలు తలపై హక్కుల ప్రకటన ఒక పంక్తి చేర్చుదురు. స్క్రిప్టు రెండవ పంక్తికి దిగును; పటములో ఒకటవ పంక్తికే ముడులున్నవి; డీబగ్గరునకు ఏమియు తోచదు. ఒక్కొక్క ఫైలు చివర దాని పటము చిరునామా వ్యాఖ్యగా నుండును. అట్టి ఫైలులను ముడిగా అంటించినచో ఆ పాత చిరునామాలు కూడ కూర్పులోనికి వచ్చును. చివరిది ఏ ముప్పదవ ఫైలుదో అయినచో, మొత్తము కూర్పును ఆ ఒక్క ఫైలు పటముతో చదువ ప్రయత్నించి డీబగ్గరు తెలివి తక్కువగా ప్రవర్తించును. మూలము టైపుస్క్రిప్టులో వ్రాసి, జావాస్క్రిప్టుగా మార్చి, కూర్చి, కుదించినచో మూడు మజిలీలు. మూడు పటములను ఒకదానితో నొకటి సంధించి ఒక పటము చేయనిచో దారి నడుమనే తెగును.

తెలుగు అక్షరములున్న స్క్రిప్టులకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. "తెలుగు" అను మాట కంటికి మూడక్షరములు. యూనికోడు లెక్కలో త, ఎత్వము, ల, ఉత్వము, గ, ఉత్వము అని ఆరు. ఫైలులో నిలువచేయునపుడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తము 18. జావాస్క్రిప్టు పటములో అక్షరస్థానములను లెక్కింపవలసినది ఆరు చొప్పున. ఇంగ్లీషు మాత్రమే చూచి తయారైన పరికరము బైట్లను లెక్కించినచో, ఇంగ్లీషు వ్రాతలో రెండు లెక్కలును ఒకటే గనుక దాని తప్పు బయటపడదు. తెలుగు మాట ఒకటి వచ్చినంతనే పన్నెండు స్థానములు జరుగును. ఒకే పంక్తిగా కుదించిన ఫైలులో అట్టివి నూరు మాటలున్నచో 1,200 స్థానములు జరిగి, డీబగ్గరు వేరే స్క్రిప్టును దోషిగా చూపును. కొన్ని పరికరములు తెలుగు అక్షరమును ఆరు ఇంగ్లీషు గుర్తుల సంకేతముగా మార్చి వ్రాయును. అప్పుడు "తెలుగు" 36 గుర్తులై బరువు పెరుగును గాని, లెక్క మాత్రము తప్పదు. తెలుగు పుటలు తయారుచేయువారు తమ పరికరమును ఒక తెలుగు మాటతో, దాని వెనుక కావాలని పెట్టిన ఒక తప్పుతో, పరీక్షించుకొనుట మంచిది.

పటములో మూలఫైలుల పూర్తి పాఠమును కూడ చేర్చవచ్చును, చాలమంది చేర్చుదురు. ఆ పటమును సర్వరు మీద బహిరంగముగా ఉంచినచో వ్యాఖ్యలతో సహా మూలమంతయు ఎవరైనను చదువగలరు. రహస్యమైన తాళపు మాటను స్క్రిప్టులో వ్రాసిపెట్టు దురలవాటు ఉన్నవారికి ఇది పెద్ద ముప్పు. అయితే కుదించిన ఫైలులో కూడ ఆ మాట ఉండనే యుండును గనుక, పటమును దాచినంత మాత్రమున వారి దోషము తీరదు.

2015లో వచ్చిన హెచ్‌టీటీపీ రెండవ కూర్పు ఒకే కనెక్షను మీద పెక్కు ఫైలులను ఒకేసారి పంపగలదు. అదే సంవత్సరము జావాస్క్రిప్టునకు సొంత మాడ్యూలు పద్ధతియు ఏర్పడినది. ఇక అంటించుట ఎందులకని కొందరు అడిగిరి. కాని మొదటి ఫైలు వచ్చి చదువబడినగాని రెండవది కావలెనని తెలియదు; రెండవది వచ్చినగాని మూడవ దాని పేరు తెలియదు. ఈ గొలుసు పొడుగైనకొలది నడక మరల పెరుగును. అదియు గాక, ఒకే పెద్ద ఫైలును కుదించి పంపినపుడు, మాటల పునరుక్తి ఎక్కువగా దొరకుట వలన, చిన్న ఫైలులకంటె ఎక్కువ తగ్గును. మరియొక ప్రక్క, ఒక్క అక్షరము మారినను పెద్ద ఫైలునంతను మరల దింపుకొనవలెను. అందుచేత నేటి బండ్లరులు ముప్పదింటిని ఒకటి చేయక నాలుగైదు ముక్కలుగా కూర్చుచున్నవి. అరుదుగా మారునవి ఒక ముక్కలో, తరచు మారునవి వేరొక ముక్కలో.

ప్రతి ముక్క పేరులో దాని పాఠము నుండి లెక్కగట్టిన ఒక సంకేతము చేర్చుదురు. పాఠము మారినచో పేరు మారును. తప్పుల నివేదికలు పాఠకుల యంత్రముల నుండి వచ్చునపుడు ఈ పేరే కీలకము. ఉదయము తెరచిన పుటను సాయంకాలము దాక మూయనివాని వద్ద పాత ముక్కయే నడచుచుండును. మధ్యాహ్నము కొత్త కూర్పు వచ్చిన సంగతి దానికి తెలియదు. అతని నివేదికలోని 18,452వ స్థానమును కొత్త పటముతో చదివినచో వేరొక స్క్రిప్టులోని నిరపరాధి పంక్తి తేలును. కాబట్టి మంచి కార్యాలయములలో ప్రతి కూర్పు పటమును దాని సంకేతముతో సహా కొన్ని నెలల పాటు బయటివారికి అందని చోట భద్రపరచుదురు. నివేదికలోని ఫైలు పేరు చూచి, దానికి సరిపడు పటమునే తీసి చదువుదురు.